శనివారం విమానం

మా మరదలిని రాకుండా చేసింది నేనే. ఆ మాట మా ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. అడిగిన వాళ్ళందరి దగ్గరా విమానాల వాళ్ళను తిట్టి ఊరుకున్నాను. వాళ్ళను తిట్టడం చాలా సులువు. తిట్టినా వినిపించుకునే మనిషంటూ ఎవరూ ఉండరు కదా.

మరదలంటే మా తమ్ముడి భార్య. తమ్ముడు చిన్న వయసులోనే గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఆ అమ్మాయి బెంగుళూరులో ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తుంది. వాళ్ళ కాపురం అక్కడే అయినా, మా అమ్మ పట్టుబట్టడంతో తమ్ముణ్ణి మాత్రం మా ఊరికి తెచ్చి, సమాధుల తోటలో మా నాన్న పక్కన పెట్టాం. మా ఊరు ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, కొల్లేటి అంచున ఉంటుంది. ఒకప్పుడు ఆ తోట చుట్టూ వరి పొలాలు ఉండేవి. ఇప్పుడు మూడు వైపులా చేపల చెరువులే. లోపల ప్రార్థన జరుగుతుంటే బయట చెరువులో నీళ్ళు చిలికే మోటార్లు గిరగిరా తిరుగుతూ ఉంటాయి. పాస్టరుగారు వాటితో పోటీపడి గొంతు పెంచుతారు.

మా వాళ్ళకి ఈస్టరంటే ముందు సమాధుల తోటే, తర్వాతే గుడి. శనివారం సమాధులన్నిటికీ సున్నం వేయిస్తారు. ఆదివారం చీకటితో లేచి, కొవ్వొత్తులూ పూలూ పట్టుకుని వెళ్ళి, ఎవరి మనుషుల దగ్గర వాళ్ళు నిలబడి పాటలు పాడతారు. తెల్లవారేసరికి తోటంతా తెల్లగా, వెలుగుగా, కొత్త ఇళ్ళు కట్టిన వీధిలా ఉంటుంది. చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ అదే పెద్ద పండగ. కరిగిన మైనం పోగుచేసి ఉండలు చుట్టేవాళ్ళం. మా నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

తమ్ముడు పోయిన తర్వాత వచ్చిన మొదటి ఈస్టరుకు మరదలికి విమానం టికెట్టు నేను తీశాను. ఆ అమ్మాయి తన డబ్బుతో తను వచ్చిపోతే చుట్టం చూపుగా వచ్చినట్టు ఉంటుందని, మా ఇంటి మనిషిని మేమే రప్పించుకోవాలని నా పట్టుదల. అప్పటినుంచి ప్రతి ఏడూ అదే ఆనవాయితీ అయిపోయింది. శనివారం మధ్యాహ్నం బెంగుళూరు నుంచి గన్నవరం వచ్చే చవక విమానం ఒకటి ఉండేది. దాంట్లో దిగి, కారు మాట్లాడుకుని, ఏలూరులో మా ఇంటికి రాకుండా తిన్నగా మా ఊరి సమాధుల తోటకే వెళ్ళేది. పొద్దుగూకే వేళకి ఏలూరు చేరేది. వేళ్ళన్నీ నల్లగా, రంగు వాసనతో వచ్చేది. రాగానే, నా దగ్గరే ఉంటున్న అమ్మ పక్కన కూర్చునేది. “ఆ చేతులతో పిండి ముట్టుకోకు తల్లీ, రేపు గారెలన్నీ నల్లగా వస్తాయి” అని నేను ఏడిపించేదాన్ని. సమాధి మీద పేరుకు కాస్త రంగు అద్ది వస్తుందని తెలుసు గాని, అంతకుమించి నేనెప్పుడూ అడగలేదు. ఆ శనివారాలన్నీ నేను వంటింట్లో ఉండేదాన్ని. ఆదివారం చీకట్లో వెళ్ళేసరికి తమ్ముడి పేరు నల్లటి అక్షరాల్లో గుండ్రంగా కనిపించేది. అది అక్కడ ఎప్పుడూ ఉంటుందనే అనుకున్నాను.

టికెట్టు మీద ఫోను నెంబరు కూడా నాదే ఇచ్చేదాన్ని. నేను పాఠాలు చెప్పే స్కూల్లో, మా వీధిలో అందరూ చేసే పనే ఇది. టికెట్టు ఎవరు తీస్తే నెంబరు వాళ్ళదే. పెద్దరికం అన్నమాట. దాంతో విమానం ఆలస్యమైనా, అసలు లేకుండా పోయినా ఎక్కవలసిన మనిషికి కబురు తెలియదు. ఏలూరులో చారు కాచుకుంటున్న నాకు తెలుస్తుంది.

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసింది. “వదినగారూ, మీకే ముందు చెప్పాలనుకున్నానండి” అంది. తనతో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంటోందట. రిజిస్టరు ఆఫీసులో, హడావుడేమీ లేకుండా. “మీకేమైనా కష్టంగా ఉంటే చెప్పండి” అని కూడా అంది.

“మంచిదమ్మాయ్, చాలా సంతోషం” అన్నాను. స్కూల్లో వార్షికోత్సవం నాడు పిల్లలకి బహుమతులు ఇస్తూ అనే గొంతుతో అన్నాను.

అమ్మకి చెప్పడానికి భయపడ్డాను. కొడుకు పోయిన మనిషి, ఈ మాట ఎలా తట్టుకుంటుందోనని పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. అమ్మకి చూపు బాగా తగ్గిపోయింది. నా గొంతు వచ్చే వైపు ముఖం తిప్పి అంతా విని, “అతను చేపలు తింటాడా?” అని అడిగింది. తింటాడో లేదో నాకేం తెలుసు? “ఈస్టరుకు వస్తుందిగా, కనుక్కో. తినేవాడైతే కొరమీను తెప్పించాలి” అంది. అంతే. అమ్మకి అక్కడితో అయిపోయింది.

నాకే కడుపు మండింది. ముప్పై ఏళ్ళకే ఒంటరిదయిన పిల్ల, మళ్ళీ పెళ్ళి చేసుకోవడంలో తప్పేముందని మా స్టాఫ్‌రూములో ఎవరి గురించయినా నేనే వాదించేదాన్ని. తీరా మా ఇంటి దాకా వచ్చేసరికి, వాడి మంచం మీద ఇంకొకడు పడుకున్నాడన్న మాట తప్ప నాకింకేమీ తోచలేదు. అందరూ తలో దారి చూసుకున్నారు, వాణ్ణి తలుచుకోవడానికి మిగిలింది నేనొక్కదాన్నే అనుకున్నాను. అలా అనుకోవడంలో కొంచెం గొప్పగా కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయినా జనవరిలో ఎప్పటిలాగే టికెట్టు తీశాను. తీయకపోతే బాగుండదని తీశాను. తీసినప్పటినుంచీ ఒకటే దిగులు. తను వస్తే మెడలో ఏం వేసుకొస్తుంది, తోటలో నలుగురూ అడిగితే నేనేం చెప్పాలి, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వస్తే ఎక్కడ నిలబెట్టాలి. తమ్ముడి సమాధి ముందు ఆ పెద్దమనిషి కొవ్వొత్తి పట్టుకుని నిలబడినట్టు ఊహించుకుని, నాలో నేనే కోపం తెచ్చుకునేదాన్ని.

మార్చి మొదట్లో, మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక మెసేజి వచ్చింది. వేసవి షెడ్యూలులో భాగంగా ఆ విమానాన్ని వారానికి మూడు రోజులకు తగ్గించారట. శనివారం లేదు. వేసవిలో పిల్లలకి సెలవులు, పెళ్ళిళ్ళు, మొక్కుబడులు. జనమంతా కదిలేది అప్పుడే. ఆర్టీసీ వాళ్ళయితే స్పెషల్ బస్సులు వేస్తారు. ఈ చవక విమానాల వాళ్ళు సరిగ్గా అప్పుడే మన వైపు విమానాలు పీకి, గిరాకీ ఇంకా ఎక్కువుండే పెద్ద ఊళ్ళకు తిప్పుకుంటారట. చెయ్యెత్తితే బస్సయినా ఆగుతుంది. వీళ్ళకి చెయ్యెత్తాలన్నా పైకి చూసి ఎత్తాలి.

అయితే ఆ మెసేజి కింద మూడు దారులు చూపించారు. అదే విమానం ఉన్న గురువారానికి ఉచితంగా మార్చుకోవచ్చు. లేదా అదే శనివారం హైదరాబాదు మీదుగా, కాస్త చుట్టు తిరిగి రావచ్చు. ఇవేవీ వద్దనుకుంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.

నేను మూడోది నొక్కాను. ఆలోచించి నొక్కానని చెప్పలేను. అలాగని పొరపాటున నొక్కానని అంతకన్నా చెప్పలేను. నొక్కగానే గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ మధ్యాహ్నం పాఠం కూడా హుషారుగా చెప్పాను.

సాయంత్రం ఫోను చేశాను. “చూశావా అమ్మాయ్, మన విమానం తీసేశారు. వేసవి షెడ్యూలట. ఏం చేస్తాం చెప్పు” అన్నాను. గొంతులో బాధ ఒలికించాను.

“వేరేదేమీ లేదాండీ?” అంది.

“ఏముంటాయి, అన్నీ తగ్గించేశారు. రైళ్ళు చూద్దామంటే పండగ రోజులు, వెయిటింగు లిస్టే. ఎండల్లో నువ్వు బస్సుల్లో పడి రావద్దు.”

“సరేలెండి. మీరు కనుక్కున్నాక ఇంకేముంటుంది” అంది. ఆ మాట నమ్మకంతోనే అంది. ఆ నమ్మకం నాకు అప్పుడు హాయిగానే ఉంది. “ఈసారికి నా కొవ్వొత్తి కూడా మీరే వెలిగించండి. ఫోనులో ఒక్కసారి చూపించండి వదినగారూ, చాలు” అంది. చూపిస్తానన్నాను.

విమానం తీసేశారని చెబితే అమ్మ నొచ్చుకుంది. “మళ్ళీ ఎప్పుడు వేస్తారట?” అని అడిగింది. చలికాలానికి వేస్తారేమో అన్నాను. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో పనిచేస్తారు. రోజూ పొద్దున రైలెక్కి రాత్రికి వస్తారు, విమానాల సంగతి ఆయనకి అంతగా పట్టదు. ఆయన కూడా, “హైదరాబాదు మీద నుంచి ఉంటాయి కదే, చూడకపోయావా?” అన్నారు. “చూశానండీ, కుదర్లేదు” అన్నాను. అబద్ధం రెండోసారి చెప్పేటప్పుడు మొదటిసారంత కష్టమనిపించలేదు.

శనివారం మధ్యాహ్నం ఊరి నుంచి సున్నం వేసే అతను ఫోను చేసి పని అయిపోయిందని చెప్పాడు. “బాగా వేశావా?” అని అడిగాను. “రెండు పూతలు వేశానండి, మెరిసిపోతందండి” అన్నాడు. సంతోషించాను. వంటింట్లో పడి ఆ రోజు పనులు చూసుకున్నాను. పొద్దుగూకే వేళ గేటు చప్పుడైతే ఒక్క క్షణం తనే వచ్చిందనుకున్నాను. పాలబ్బాయి.

ఆదివారం చీకటితోనే అమ్మను కారులో కూర్చోబెట్టుకుని బయలుదేరాం. మేం వెళ్ళేసరికే తోట నిండా జనం. చెరువుల మీద నుంచి చల్లగాలి, మేత వాసన, అరచేతులు అడ్డుపెట్టుకుని కొవ్వొత్తులు వెలిగించుకుంటున్న మనుషులు. మా ఆయన అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించారు. ముందు నాన్న దగ్గర వెలిగించాం. నాన్నది పాలరాతి పలక, చెక్కిన పేరు. తర్వాత పక్కకు తిరిగాను.

తమ్ముడి సమాధి తెల్లగా ఉంది. తల దగ్గర నిలబెట్టిన సిమెంటు పలక కూడా తెల్లగా ఉంది. దాని మీద ఏమీ లేదు.

పేరు లేదు, పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు. నాకు ముందు అర్థం కాలేదు. వేరే సమాధి దగ్గరికి వచ్చామేమో అనుకుని అటూ ఇటూ చూశాను. తర్వాత అర్థమైంది. ప్రతి ఏడూ పాత రంగు గీకేసి వేసే సున్నం ఆ పలకంతా కప్పేస్తుంది. ప్రతి ఏడూ ఆ అమ్మాయి విమానం దిగి వచ్చి, ఆరిన సున్నం మీద వాడి పేరు మొదటి అక్షరం నుంచి మళ్ళీ రాస్తుంది. నేను అద్దడం అనుకున్నది అద్దడం కాదు. తను రాకపోతే వాడికి పేరే లేదు.

అమ్మ వంగి, చేత్తో తడుముతూ పలక దగ్గరికి వచ్చింది. కనిపించకపోయినా ప్రతిసారీ అక్షరాల మీద వేళ్ళు పెట్టి చదువుకోవడం అమ్మకి అలవాటు. రంగు కాస్త ఎత్తుగా తగులుతుంది. ఈసారి అటూ ఇటూ తడిమి, “ఇంతేనా?” అంది. పక్క సమాధి వాళ్ళ పెద్దావిడ కొవ్వొత్తి ఎత్తి చూసి, “ఇదెవరిదమ్మా?” అని అడిగింది. మా తమ్ముడిదండీ అన్నాను. తమ్ముణ్ణి చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన మనిషే ఆవిడ. “అయ్యో, పేరు రాయించలేదేం?” అంది. ఆ అడగడంలో తప్పుపట్టడం ఏమీ లేదు, అయినా నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడే ఫోను మోగింది. వీడియో కాల్. తను తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, వాళ్ళింట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద కొవ్వొత్తి ఉంది. వెనకాల ఎవరూ లేరు.

కెమెరా కొవ్వొత్తి మీదకే దగ్గరగా పెట్టాను, పలక కనపడకుండా. పూలు చూపించాను. అమ్మను చూపించాను.

“కొంచెం వెనక్కి జరపండి వదినగారూ, పేరు కనపడట్లేదు” అంది.

“ఎండ పడుతోంది అమ్మాయ్.”

“ఇంకా తెల్లారలేదు కదండీ అక్కడ.”

నేను ఫోను వెనక్కి జరిపాను. ఇంకేం చెయ్యను? తెల్లటి పలక అంతా తనకి కనిపించింది. తను చాలాసేపు చూసింది. “రంగు డబ్బా మీ ఇంట్లోనే ఉందండి. మెట్ల కింద, పాత బకెట్టులో. బ్రష్షు కూడా అందులోనే పెట్టాను. వీలున్నప్పుడు మీరు రాసేయండి, మీ చేతిరాత నాకన్నా బాగుంటుంది” అంది.

కోప్పడితే బాగుండేది. నేను కాస్త పక్కకి వెళ్ళి, చెరువు గట్టు దగ్గర నిలబడి చెప్పేశాను. “ఇంకో విమానం ఉంది అమ్మాయ్. హైదరాబాదు మీద నుంచి. మార్చమని వాళ్ళే అడిగారు. నేనే డబ్బులు వెనక్కి తీసేసుకున్నాను.”

మోటార్ల చప్పుడులో వినపడిందో లేదో అనుకున్నాను. వినపడింది.

“నేను ఒక్కదాన్నే వద్దామనుకున్నానండి” అంది. నేను అడగని ప్రశ్నకి, డిసెంబరు నుంచీ నా కడుపులో ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పింది. తర్వాత “పర్లేదండి. ఇకనుంచి టికెట్టు నేనే తీసుకుంటాను లెండి. మీకెందుకు శ్రమ” అంది. మా వైపు మనుషులు తలుపు వేసుకునేటప్పుడు కూడా అండీ అనే వేసుకుంటారు.

ఆ రోజు గారెలు ఎవరు తిన్నారో, ఎలా ఉన్నాయో నాకు గుర్తులేదు.

రంగు డబ్బా తను చెప్పిన చోటే ఉంది. బ్రష్షును కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి పెట్టింది. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాసిన చెయ్యి నాది, పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? అయినా రాయలేదు. తను చెప్పినా రాయలేదు. దానికి ఒకటే కారణం. నేను రాసేస్తే తను రానక్కర్లేదు. పలక ఖాళీగా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, వస్తే మా ఇంటికి వస్తుంది, అప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. నా మనసు కుదుటపడటం కోసం తమ్ముణ్ణి పేరు లేకుండా ఎండలో వదిలేశాను. ఒక తప్పు దిద్దుకోవడానికి నాకు దొరికిన దారి ఇది.

ఫోను చేస్తే మాట్లాడేది. అమ్మ మందులు, ఎండలు, కరెంటు కోతలు. ఎప్పుడొస్తావని నేను అడగలేదు, తను చెప్పలేదు. తన విమానాల మెసేజిలు ఇప్పుడు నా ఫోనుకు రావు.

మే నెలలో ఒక మంగళవారం ఊళ్ళో చుట్టాల ఇంట బాప్తిస్మం విందు ఉంటే వెళ్ళాను. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. మూడు దాటాక నేను ఎండలోనే తోట వైపు నడిచాను. గేటు దగ్గరకి వెళ్ళకముందే కనిపించింది. తెల్లటి పలక మీద నల్లటి అక్షరాలు. తమ్ముడి పేరు గుండ్రంగా, తను ఎప్పుడూ రాసేలాగే ఉంది. కింద రెండు తేదీలు. కొత్త డబ్బా కొనుక్కుని వచ్చిందన్నమాట. దగ్గరికి వెళ్ళి చివరి అక్షరం మీద వేలు పెడితే రంగు తడిగా అంటింది. చుట్టూ చూశాను. చెరువు గట్టు మీద కారు చక్రాల జాడ తప్ప ఎవరూ లేరు. మంగళవారం కొత్త షెడ్యూలులో విమానం ఉన్న రోజని అప్పుడు గుర్తొచ్చింది.

బస్సులో ఏలూరు వచ్చేదాకా ఇంటి దగ్గర ఉంటుందేమోనన్న ఆశ చావలేదు. గుమ్మం ముందు చెప్పులు లేవు. అమ్మ వసారాలో ఫ్యాను కింద కూర్చుని ఉంది. మంచినీళ్ళు ఇద్దామని దగ్గరికి వెళ్ళి గ్లాసు చేతికి అందించాను. అమ్మ గ్లాసు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. ముఖం విప్పారింది.

“వచ్చిందా పిల్ల?” అంటూ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. గుమ్మం వైపు తిరిగి, “రమ్మనవే లోపలికి. ఎండలో నిలబెట్టావేంటి దాన్ని?” అంది.